మేడ మీద వదిలేసిన పర్షియన్ పిల్లి: వైద్యం, తిండి, మంచి ఇల్లు గురించి సలహాలు కావాలి

మల్లెపందిరి (తిరుపతి)

అందరికీ నమస్కారం. మేము బైరాగిపట్టెడలో ఉంటాం. పక్క భవనంలో అద్దెకు ఉన్న కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ తమ పర్షియన్ పిల్లిని మేడ మీద నీళ్ల ట్యాంకు కింద కట్టేసి వదిలేసింది. మెడకు నైలాను తాడు, పక్కన ఎండిపోయిన గిన్నె. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన వాళ్లు చెబితే తెలిసింది. ఇంటి యజమానిని అడిగి, తాడు కోసి, మా ఇంటికి తెచ్చాను. ప్రస్తుతం వెనక గదిలో అట్టపెట్టెలో ఉంది.

ఆడపిల్లి. తెల్లనిదే అయి ఉండాలి, ఇప్పుడు మాత్రం మసిబట్ట రంగులో ఉంది. వీపు మీద, పొట్ట కింద బొచ్చు జడలు కట్టి గట్టిపడింది. నిమిరితే వెన్నుపూసలు విడివిడిగా చేతికి తగులుతున్నాయి. కళ్ల నుంచి నీరు, నోటి నుంచి జొల్లు, దగ్గరికి వెళ్తే భరించలేని వాసన. పట్టుకోబోతే నా మణికట్టు మీద గీరింది. అరుస్తోంది కానీ గొంతు పైకి రావడం లేదు.

పాలు పోయవచ్చా? పెరుగన్నం పెట్టవచ్చా? ఒళ్లు కడిగితే కాస్త తేరుకుంటుందా? ఈ రాత్రికి ఏం చేయాలో చెప్పండి. ఉదయాన్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.

నాలుగో సంవత్సరం (పశువైద్య విద్యార్థి)

అక్కా, స్నానం ఇప్పుడు వద్దు. ఇంతగా చిక్కిన పిల్లి ఒంట్లో వేడి నిలవదు. మే నెల అయినా సరే, తడిస్తే ప్రమాదంలో పడుతుంది. పాలు కూడా వద్దు, పెరుగన్నమూ వద్దు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు మొదలైతే ఒంట్లో మిగిలిన కాస్త నీరూ పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆకలిగా ఉంది కదా అని కడుపునిండా పెట్టకండి. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా తిండి అందితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం గబగబా కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో వాటి మోతాదు పడిపోయి ఎర్రకణాలు చితికిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. చేతికి అందిందనుకున్న ప్రాణం కొద్ది రోజులకే పోయేది చాలాసార్లు ఇందువల్లే. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని మెత్తగా చిదిమి, గోరువెచ్చగా ఒకటి రెండు చెంచాలు పెట్టండి. కొన్ని గంటలు ఆగి మళ్లీ అంతే. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి కూరలోని ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు. నీళ్లు వెడల్పాటి గిన్నెలో దగ్గరగా ఉంచండి.

ఒళ్లు వెచ్చగా అనిపించినా పారాసిటమాల్ మాత్రం వేయకండి. మనకు మందైన ఆ బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. గది ఫినాయిలుతో తుడవకండి, పాదాలకు అంటినది నాకి లోపలికి తీసుకుంటుంది. ఈగలు, పేలు ఉన్నాయని కుక్కల మందు చల్లకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం.

నీలిగోళీ (మదనపల్లె)

మల్లెపందిరి గారూ, ముందు మీ మణికట్టు సంగతి చూసుకోండి. సబ్బు, పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగండి. రేపు పిల్లిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ముందే మీరు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. చిన్న గీతే కదా అని వదలవద్దు. టీకాలు ఎప్పుడైనా వేశారో లేదో తెలియని పిల్లి అది.

ఆ జడలను కత్తెరతో కత్తిరించకండి. పిల్లి చర్మం చాలా పలచన, బొచ్చుతో పాటు ముడతపడి పైకి లేస్తుంది. ఎక్కడ బొచ్చు అయిపోయిందో, ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. ఆసుపత్రిలో మిషనుతో తీస్తారు. ఈ ఎండలకు జడల కింద పుండ్లు పడి పురుగులు చేరడం నేను చాలాసార్లు చూశాను, గట్టిగా వాసన వస్తోందన్నారు కాబట్టి చెబుతున్నాను. డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

కట్టమంచి పెరడు (చిత్తూరు)

మా ఇంట్లో ఎన్నో ఏళ్ల క్రితం పెరుగన్నం తిని పెరిగిన పిల్లి ఉండేది. పెరుగన్నం ఎందుకు పనికిరాదో కాస్త వివరంగా చెప్పగలరా? వాదన కోసం కాదు, తెలుసుకుందామని. తిరుపతిలో పిల్లులను చూసే ప్రభుత్వ ఆసుపత్రి ఉందా?

నాలుగో సంవత్సరం

ఉంది అమ్మా. మా పశువైద్య కళాశాల తిరుపతిలో 1955 నుంచి ఉంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి దాని పరిధిలో నడుస్తోంది. అక్కడి ఆసుపత్రి ఆవులకూ గొర్రెలకూ మాత్రమే అనుకుంటారు చాలామంది. కుక్కలు, పిల్లులు, చిలుకలు కూడా వస్తాయి.

పెరుగన్నం విషయం. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే ఒక పదార్థం దాని గుండెకూ కంటి వెనక ఉండే తెరకూ (రెటీనాకూ) తప్పనిసరి. మన శరీరం, కుక్క శరీరం దాన్ని చాలావరకు తయారుచేసుకోగలవు. పిల్లి సరిపడా చేసుకోలేదు, తిండి నుంచే అందాలి. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది, అన్నంలో పప్పులో ఉండదు. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు గుండె ఉబ్బి చనిపోతున్న పిల్లులకు టారిన్ ఇచ్చి చూస్తే గుండె తిరిగి కోలుకుంది. అప్పటి నుంచి కంపెనీలు పిల్లుల ఆహారంలో దాన్ని పెంచి కలుపుతున్నాయి. విటమిన్ ఏ కూడా అంతే. క్యారెట్‌లో ఉన్నదాన్ని మనం విటమిన్‌గా మార్చుకుంటాం, పిల్లి మార్చుకోలేదు.

మీ ఇంటి పిల్లి పెరుగన్నంతో పాటు పెరట్లో ఎలుకలనూ తొండలనూ తిని ఉంటుందమ్మా. దాన్ని నిలబెట్టింది అవే. మేడ మీద కట్టేసిన పిల్లికి ఆ వేటా లేదు.

కట్టమంచి పెరడు

అర్థమైంది నాయనా. ఇంత ఓపికగా చెప్పినందుకు సంతోషం.

మల్లెపందిరి

ఆసుపత్రి నుంచి వచ్చాం. టీకా నేనూ వేయించుకున్నాను. చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

బరువు 1.9 కిలోలు. ఈ జాతి ఆడపిల్లి దీనికి దాదాపు రెట్టింపు ఉండాలన్నారు. పళ్లు చూసి వయసు ఆరేళ్లు దాటి ఉంటుందని అంచనా వేశారు. పిల్లి ఒంటి వేడి మనకన్నా ఎక్కువగా, 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉండాలట. దీనికి 98 కూడా లేదు. చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. చిగుళ్లు కాగితంలా పాలిపోయాయి. మత్తు ఇచ్చే స్థితి కాదు కాబట్టి మెలకువగానే, టవల్లో చుట్టి, మెల్లమెల్లగా జడలు తీశారు. నీలిగోళీ గారు చెప్పినట్టే తోక దగ్గర పుండులో పురుగులు ఉన్నాయి. వాటిని తీసి శుభ్రం చేసేటప్పుడు ఆ పిల్లి ఒక్కసారి కూడా కరవలేదు. నా చేతి మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. చూస్తూ నిలబడటం నాకు చాలా కష్టమైంది.

పొట్ట మీది బొచ్చు తీశాక చన్నులన్నీ సాగిపోయి కనిపించాయి. చాలా ఈతలు ఈని ఉంటుందని డాక్టరు అన్నారు. అపార్ట్‌మెంట్ కాపలాదారు చెప్పిన దాని ప్రకారం ఆ కుటుంబం కూనలను అమ్మేదట. ఈతలు ఆగిపోయాక దీన్ని మేడ మీదికి చేర్చారు. పిల్లులకు వచ్చే ఎయిడ్స్ లాంటి వైరస్, రక్తకాన్సర్ తెచ్చే వైరస్, ఈ రెండింటి పరీక్షలోనూ ఏమీ లేదని వచ్చింది. చర్మం కింద సెలైన్ ఎక్కించారు. నోరు మాత్రం బాగా చెడింది, చిగుళ్లన్నీ పుండ్లు. బలం వచ్చాక కొన్ని పళ్లు తీయాల్సి ఉంటుంది.

పేరు గవ్వ అని పెట్టాను.

లా పుస్తకం (చిత్తూరు)

తాడు, గిన్నె, ఆ చోటు ఫోటోలు తీసి ఉంటే దాచండి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 సంవత్సరానిది. అందులోని 11వ సెక్షన్ ప్రకారం జంతువును అన్యాయమైనంత పొట్టి తాడుతో చాలాసేపు కట్టి ఉంచడం నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో వదిలేసి వెళ్లడం కూడా నేరమే. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు. అయితే మొదటిసారి నేరానికి ఆ చట్టం వేసే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకానే. 1960లో రాసిన మొత్తం ఇప్పటికీ అలాగే ఉంది. ఇది మార్చాలని ఎందరో అడుగుతున్నారు, నేనూ అడుగుతున్నాను. శిక్ష చిన్నదే అయినా ఫిర్యాదు నమోదు కావడం అవసరం. వాళ్లు రేపు మరో పిల్లిని తెచ్చి ఇదే వ్యాపారం మొదలుపెడితే చూపడానికి ఒక కాగితం ఉంటుంది.

పెంపుడు జంతువులను అమ్మే దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలని 2018 నియమాలు చెబుతున్నాయి. కొనేవాళ్లు ఆ నమోదు పత్రం అడగడం మొదలుపెడితే సగం సమస్య తగ్గుతుంది.

నీలిగోళీ

గవ్వ. చక్కటి పేరు.

ఈ పర్షియన్ మోజు గురించి చెప్పకుండా ఉండలేను. బొచ్చు చూసి ముచ్చటపడి కొంటారు. రోజూ దువ్వాలని, దువ్వకపోతే నెల తిరక్కుండానే జడ కడుతుందని ఎవరూ చెప్పరు. చప్పిడి ముఖం వల్ల కన్నీటి దారి వంకరపోయి కళ్లు ఎప్పుడూ కారుతుంటాయి, రోజూ తడి గుడ్డతో తుడవాలి. ముక్కు పొట్టి కాబట్టి వేడి తట్టుకోలేవు. మన తిరుపతి, చిత్తూరు ఎండలకు ఇవి పుట్టలేదు. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే కుక్కలా సహజం అనుకోకూడదు, ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. చల్లటి చోటికి మార్చి, పాదాలూ చెవులూ మామూలు నీళ్లతో తడిపి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మల్లెపందిరి గారూ, పొట్ట స్కానింగ్ చేయించారా? ఈ జాతిలో మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే కూనల్లో సగానికి వచ్చే అవకాశం ఉంది. పెంచుకోవడానికి ఇచ్చే ముందు తెలుసుకోవడం మంచిది.

రేణిగుంట నాన్న (రేణిగుంట)

మీరు పెట్టిన గవ్వ ఫోటో చూశాను. నీలి కళ్లు భలే ఉన్నాయి. మా పాప పుట్టినరోజు వచ్చే వారం. నాలుగేళ్లు నిండుతాయి. పిల్లి కావాలని ఏడాదిగా అడుగుతోంది. కోలుకోగానే మాకు ఇవ్వండి, బాగా చూసుకుంటాం. ఖర్చు ఎంతైనా పరవాలేదు.

మల్లెపందిరి

ముందుకొచ్చినందుకు కృతజ్ఞతలు అన్నా. ఇప్పుడే ఏ మాటా ఇవ్వలేను. గవ్వ ఇంకా బీరువా వెనక నుంచి బయటికి రావడం లేదు. గదిలోకి ఎవరైనా వేగంగా వస్తే గోడకు అతుక్కుపోతుంది. నిన్న మా అబ్బాయి బట్టలు ఆరేసే తాడు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఉన్నచోటే మూత్రం పోసుకుంది.

కొర్లగుంట కోడలు (తిరుపతి)

నాకు అయిదో నెల. ఇంట్లో పిల్లి ఉంది. ఈ చర్చ చూసి మా అత్తమ్మ దాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. పిల్లి వల్ల కడుపులో బిడ్డకు జబ్బు వస్తుందా? భయంగా ఉంది.

నాలుగో సంవత్సరం

భయపడకండి అక్కా, పిల్లిని పంపించాల్సిన పనీ లేదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి మీ అత్తమ్మగారు విని ఉంటారు. అది పిల్లి మలంలో వస్తుంది. పచ్చి మాంసమో ఎలుకనో తిని తొలిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాల పాటు వస్తుంది, జీవితమంతా కాదు. బయటపడిన గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి మలం పెట్టెను ఇంట్లో మరొకరు రోజూ శుభ్రం చేస్తే చాలు. సగం ఉడికిన మాంసం, సరిగా కడగని కూరగాయలు, మట్టిపని, వీటితో కూడా అంతే జాగ్రత్త కావాలి. మీ డాక్టరమ్మకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, అవసరమైతే పరీక్ష రాస్తారు.

కొర్లగుంట కోడలు

అత్తమ్మకు చదివి వినిపించాను. పెట్టె శుభ్రం చేసే పని మామయ్యకు అప్పగించారు. పిల్లి ఇంట్లోనే ఉంటుంది.

మల్లెపందిరి

గవ్వ బరువు 2.6 కిలోలకు వచ్చింది. పళ్లు తీశారు. కోరలు రెండు, ముందు పళ్లు కొన్ని మిగిలాయి. పళ్లు లేకుండా ఏం తింటుందని దిగులుపడ్డాను కానీ, నొప్పి పోయాక అది తినే తీరు చూసి ఇంట్లో అందరం గిన్నె చుట్టూ చేరాం. ఇన్నాళ్లూ తిండి దగ్గరికి వచ్చి, వాసన చూసి, ముఖం తిప్పుకుని వెళ్లిపోయేది. ఆకలి లేక కాదు, నమలబోతే నొప్పి. ఇప్పుడు మెత్తటి ముద్దను మింగేసి గిన్నె అంచు దాకా నాకుతోంది. తెల్లవారుజామున మా తలుపు దగ్గరికి వచ్చి పిలుస్తోంది. గొంతు వచ్చింది!

పుండు మానింది. బొచ్చు పొట్టిగా, తెల్లగా మొలుస్తోంది.

స్కానింగ్ ఫలితం మాత్రం మంచిది కాదు. రెండు మూత్రపిండాల్లోనూ నీటితిత్తులు ఉన్నాయి. ప్రస్తుతం రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే లెక్క) గీత దాటలేదు. అది ఎప్పుడు దాటుతుందో ఎవరూ చెప్పలేరు, కొన్నేళ్లు మామూలుగా గడిచిపోవచ్చు. తిత్తులను పోగొట్టే మందు లేదు. నీళ్లు బాగా తాగించడం, పొడి గింజలకన్నా తడి ఆహారం పెట్టడం, కొన్ని నెలలకోసారి రక్తం, మూత్రం, రక్తపోటు చూపించుకోవడం, అంతే మన చేతిలో ఉన్నది. గర్భసంచి కూడా మందంగా ఉంది, చీము పట్టక ముందే తీసేయాలన్నారు. ఇంకాస్త బలం రాగానే ఆ శస్త్రచికిత్స.

ఇది దాచి గవ్వను ఎవరి చేతుల్లోనూ పెట్టను. ఇల్లు వెతికేటప్పుడు మొదట చెప్పే మాట ఇదే.

రేణిగుంట నాన్న

మీరు మొదటి నుంచీ మమ్మల్ని వద్దనుకుంటున్నారని అనిపిస్తోంది. పాప పుట్టినరోజు దాటిపోయింది. రోజూ అడుగుతోంది. మేమూ మనుషులమే, పిల్లిని కట్టేసేవాళ్లం కాదు. ఇల్లు లేని పిల్లికి ఇల్లు ఇస్తామంటే ఇన్ని ఆలోచనలు ఎందుకు?

లా పుస్తకం

ఆయన బాధ న్యాయమైనదే. పెంచుకుంటామని వచ్చేవాళ్లను పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు ప్రశ్నలడిగితే, వాళ్లు విసిగిపోయి దుకాణానికి వెళ్లి డబ్బులిచ్చి కొనుక్కుంటారు. మేడ మీది వ్యాపారానికి మళ్లీ గిరాకీ మనమే ఇచ్చినట్టు అవుతుంది. చిన్న పిల్లలున్న ఇల్లు అంటే పిల్లికి పనికిరాని ఇల్లు అనే లెక్క నాకు ఒప్పుదల కాదు.

మల్లెపందిరి

అన్నా, మిమ్మల్ని నొప్పించే ఉద్దేశం నాకు లేదు. మీ ఇల్లు మంచిది కాదని నేను అనడం లేదు, గవ్వకు తగినది కాదంటున్నాను. నాలుగేళ్ల పాప ప్రేమతోనే పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంటుంది. పాపకు ఆట కావాలి, అది ఆమె హక్కు. గవ్వకు చప్పుడు లేని గది కావాలి. బెదిరిన పిల్లి గోళ్లు పాప ముఖం ఎత్తులో ఉంటాయి. ఒక్కసారి గీరిందంటే మీరు దాన్ని వెనక్కి ఇవ్వక తప్పదు, మరోసారి ఇల్లు పోగొట్టుకోవడం దానికి ఎంత కష్టమో దగ్గరుండి చూస్తున్నదాన్ని. పైగా ముందున్న వైద్యం ఏళ్ల తరబడి సాగేది. పాపకు తోడుగా పెరిగే ఆరోగ్యమైన నాటు కూన మీకు సరిపోతుంది. మన వీధుల్లో పుట్టిన పిల్లులు ఈ ఎండలకు అలవాటుపడ్డవి, వాటి బొచ్చు దువ్వాల్సిన పని కూడా తక్కువ. మీరు సరేనంటే వెతకడంలో నేనూ తోడుంటాను.

నీలిగోళీ

నా దగ్గర నల్లచారల కూనలు రెండు ఉన్నాయి, అన్నాచెల్లెళ్లు. మనుషుల మధ్యే పెరిగాయి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించి ఇస్తాను. రేణిగుంట నాన్నగారూ, పాపను తీసుకుని ఒక ఆదివారం మదనపల్లె రండి. అడిగే ప్రశ్నలు నేనూ అడుగుతాను, దానికి మాత్రం కోపం తెచ్చుకోకండి.

కట్టమంచి పెరడు

చాలా రోజులుగా ఈ చర్చ రోజూ చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నేను తెలుగు పండితురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. చిత్తూరులో సొంత ఇల్లు. మా వారు పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. అమ్మాయి బెంగళూరులో. ఇంట్లో పెద్ద చప్పుళ్లు ఉండవు, మధ్యాహ్నం రేడియో తప్ప. పిల్లలు ట్యూషనుకు వచ్చే రోజులూ పోయాయి. మూత్రపిండాల సంగతి చదివాను. మా వారికి చివరి నాలుగేళ్లు అదే జబ్బు, నీళ్ల లెక్క, క్రియాటినిన్ లెక్క నాకు తెలుసు. ఆ మాట వింటే భయపడి వెనక్కి తగ్గే మనిషిని కాను.

నన్ను ఆపుతున్నది ఒక్కటే. మా వంటింట్లోకి ఏనాడూ మాంసం రాలేదు. గవ్వకు అది లేనిదే బతుకు లేదని ఆ అబ్బాయి చక్కగా చెప్పాడు. మా అక్క అయితే, ఆచారం మంటగలుపుతావా అని కోప్పడింది. మా లాంటి ఇంట్లో ఈ పిల్లిని పెంచడం దానికి న్యాయమా, నాకు న్యాయమా, ఎవరైనా చెప్పండి.

తిరుచానూరు తాత (తిరుచానూరు)

అమ్మా, నాకు తెలిసినది చెబుతాను. మేమూ తరతరాలుగా ఆ ఆచారంలోనే ఉన్నవాళ్లం. శరణాగతి గురించి మన వైష్ణవ ఆచార్యులు రెండు న్యాయాలు, అంటే పోలికలు, చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుని వేలాడుతుంది, అది మర్కట న్యాయం. పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లే నోట కరుచుకుని సురక్షితమైన చోటికి మోసుకుపోతుంది, అది మార్జాల న్యాయం. భగవంతుడి దయను చెప్పాల్సి వచ్చినప్పుడు వాళ్లకు పిల్లి తల్లే గుర్తుకొచ్చింది. అది ఏం తింటుందో తెలిసే ఆ మాట అన్నారు. పిల్లి తిండి దాని స్వభావం, అందులో దోషం లేదు. దాని తిండిని మన నియమానికి లోబరచి ఆకలితో మాడ్చడంలోనే దోషం ఉంది. మా అమ్మ మడి కట్టుకుని వంట చేసేది, పెరట్లో ఎలుకను నోట కరుచుకొచ్చిన పిల్లిని ఏనాడూ అదిలించలేదు.

నాలుగో సంవత్సరం

అమ్మా, వండాల్సిన అవసరమే లేదు. కేవలం ఉడికించిన కోడిమాంసంతో ఏళ్ల తరబడి నెట్టుకురావడం సరికాదు, అందులో కాల్షియం సరిపోదు. పిల్లులకని తయారుచేసిన తడి ఆహారం పొట్లాల్లో దొరుకుతుంది. అన్నీ లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. పొట్లం కత్తిరించి గిన్నెలో వేయడమే. ఆ గిన్నె, చెంచా, కత్తెర వేరుగా, పెరటి వైపు వసారాలో పెట్టుకోవచ్చు. గవ్వ జబ్బు ముదిరితే డాక్టరు మూత్రపిండాల కోసం వేరే ఆహారం రాస్తారు, అదీ పొట్లాల్లోనే వస్తుంది. నాకు తెలిసిన శాకాహార ఇళ్లలో పిల్లులు ఇలాగే హాయిగా ఉన్నాయి.

కట్టమంచి పెరడు

వసారాకు తలుపు ఉంది, కొళాయి ఉంది. తాతగారి మాట మా అక్కకు ఫోనులో చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోలేదు. "నీ ఇల్లు, నీ ఇష్టం" అని ఊరుకుంది. నాకు అది చాలు.

మల్లెపందిరి గారూ, మీకు అభ్యంతరం లేకపోతే వచ్చి గవ్వను చూస్తాను.

మల్లెపందిరి

అమ్మ వచ్చి వెళ్లారు. జరిగింది రాస్తాను.

గదిలోకి వచ్చి, పిల్లి ఎక్కడ అని వెతకలేదు. నేల మీద చాప వేయించుకుని, గోడకు ఆనుకుని కూర్చుని పుస్తకం తీసి చదువుకున్నారు. గవ్వ వైపు చూడలేదు, పిలవలేదు. చాలాసేపటికి గవ్వ బీరువా వెనక నుంచి తల బయటపెట్టింది. తర్వాత చీర కుచ్చిళ్ల దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. అమ్మ పుస్తకం పేజీ తిప్పారు అంతే. మధ్యాహ్నం భోజనానికి లేవమంటే, ఇప్పుడు లేస్తే అది బెదురుతుందని అలాగే కూర్చున్నారు. మరోసారి వచ్చినప్పుడు గవ్వ తానే వెళ్లి ఆమె పాదాల మీద గడ్డం ఆనించింది.

శస్త్రచికిత్స కూడా బాగా జరిగింది. గర్భసంచిలో చీము అప్పటికే మొదలైంది, సరైన సమయానికి తీశామన్నారు. కుట్లు మానాయి. మూడు జబ్బుల టీకా, రేబిస్ టీకా వేయించాను. బరువు 3.2 కిలోలు.

గవ్వ చిత్తూరు వెళ్తుంది.

నీలిగోళీ

ఈ మాట కోసం ఎదురుచూస్తున్నాను. ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోండి, ఎండ ఎక్కక ముందే చంద్రగిరి దాటేయాలి. బయలుదేరే ముందు కొన్ని గంటలు తిండి పెట్టకండి, బండి కుదుపులకు వాంతి చేసుకుంటుంది. నీళ్లు మాత్రం పెట్టండి. గట్టి మూత ఉన్న బుట్టలోనే తీసుకెళ్లండి, ఒళ్లో పెట్టుకుని కాదు. అది పడుకున్న పాత గుడ్డ ఉతక్కుండా లోపల వేయండి, తన వాసన తనకు ధైర్యం. బుట్ట మీద పలచటి నూలు గుడ్డ కప్పితే బయటి కదలికలు కనబడవు. అద్దాలు దించి ఉంటే బుట్ట తెరవద్దు.

చిత్తూరు చేరాక ఇల్లంతా ఒక్కసారి చూపించకండి. ముందు ఒక గది. మలం పెట్టె ఒక మూల, తిండి గిన్నె దానికి దూరంగా మరో మూల. కిటికీలకు జాలీ ఉందో లేదో చూసుకోండి.

లా పుస్తకం

దత్తతకు ఒక చిన్న కాగితం రాసుకోండి. అమ్మకూడదు, ఈతలకు వాడకూడదు, పెంచుకోలేని పరిస్థితి వస్తే తిరిగి మల్లెపందిరి గారికే ఇవ్వాలి, వైద్య వివరాలన్నీ చెప్పారు, ఇవి ఉంటే చాలు. నేనూ చిత్తూరులోనే ఉంటాను కాబట్టి సాక్షి సంతకం చేస్తాను. మా వీధిలో రక్తపరీక్షలు చేయించే పశువైద్యుడు ఉన్నారు, ఆ వివరం అమ్మకు విడిగా పంపుతాను.

రేణిగుంట నాన్న

మదనపల్లె వెళ్లి వచ్చాం. రెండు కూనల్నీ తెచ్చుకున్నాం. గవ్వను అడిగినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, అడగాల్సినదే అడిగాను. గవ్వకు మంచి చోటు దొరికినందుకు మాత్రం మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. ప్రయాణానికి బండి కావాలంటే చెప్పండి, ఆదివారం నాకు సెలవు.

మల్లెపందిరి

కావాలి అన్నా. ఆదివారం తెల్లవారుజామున వస్తారా?

కట్టమంచి పెరడు

అందరికీ నమస్కారం. గవ్వ వచ్చి కొన్ని వారాలైంది. మొదట్లో మంచం కింద నుంచి రాలేదు, రాత్రి నేను దీపం ఆర్పాకే తినేది. ఇప్పుడు మధ్యాహ్నం రేడియో పెట్టే వేళకు వచ్చి బల్ల మీద కూర్చుంటోంది. పెద్దగా ముద్దులాడించుకోదు. నేనూ తొందరపెట్టను. రోజూ తడి గుడ్డతో కళ్లు తుడిపించుకుంటోంది, దువ్వెన మాత్రం వీపు దాకానే, పొట్ట దగ్గరికి వస్తే చేతిని తోసేస్తుంది. బరువు 3.4 కిలోలు. రక్తపరీక్ష చేయించాను, క్రియాటినిన్ పెరగలేదు. అక్క చూడటానికి వచ్చింది, వసారాలో పొట్లం కత్తిరించేది నేనే కానీ, వేళ అయిందని గుర్తుచేసేది ఆమే.

రెండు సందేహాలు. ఒకటి, నీళ్లు తక్కువ తాగుతోందేమో అనిపిస్తోంది. రెండు, పొట్ట దగ్గరి బొచ్చు మళ్లీ జడ కడుతుందని భయం.

నాలుగో సంవత్సరం

తడి ఆహారంలోనే నీరు చాలా ఉంటుంది కాబట్టి విడిగా తక్కువ తాగినట్టు కనబడుతుందమ్మా. అయినా ఆ ముద్దలోనే రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపి పెట్టండి. గిన్నెలు ఒక్కచోటే కాకుండా ఇంట్లో రెండు మూడు చోట్ల ఉంచండి, తిండి గిన్నె పక్కన మాత్రం వద్దు. మీసాలు అంచుకు తగలనంత వెడల్పుగా ఉంటే మంచిది. నీళ్లు తగ్గడం కన్నా, ఉన్నట్టుండి ఎక్కువగా తాగడం, మూత్రం ఎక్కువ పోయడం మొదలైతే అది జబ్బు ముదిరిన గుర్తు. అప్పుడు తర్వాతి పరీక్ష దాకా ఆగకుండా వెంటనే చూపించండి. ఒక్క రోజు పూర్తిగా తిండి మానేసినా అంతే.

నీలిగోళీ

పొట్ట బొచ్చుతో పోరాడకండమ్మా. ఎండాకాలం ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి డాక్టరు దగ్గర పొట్ట, తొడల భాగం మిషనుతో పొట్టిగా తీయించేయండి. వీపుకు దువ్వెన చాలు. అది ఒప్పుకున్నంత మేరే దువ్వి, ఒప్పుకోనిది డాక్టరుకు వదిలేయండి.

కట్టమంచి పెరడు

అలాగే చేస్తాను. వచ్చే నెల తీసుకెళ్లినప్పుడు పొట్ట బొచ్చు తీయిస్తాను.